మోర్లే రేవు పట్టణం, చుట్టుపక్కల చర్చి ప్రాకారాలు: మూడు రోజుల్లో సరిగ్గా చూసి రావడం ఎలా?

మోర్లే అంటే ఫ్రాన్స్ వాయవ్య మూల, బ్రిటనీ ప్రాంతంలో ఉన్న చిన్న ఊరు. పారిస్, రెన్, నాంట్ వైపు చదువుకో ఉద్యోగానికో వచ్చిన మనవాళ్లు, ఇండియా నుంచి అమ్మానాన్నలు రాగానే అడిగే ప్రశ్న ఇది. "మోర్లే వెళ్దామనుకుంటున్నాం, ఆ రాతి బొమ్మల చర్చిలు కూడా చూడాలి, ఎలా ప్లాన్ చేయాలి?" ఒక్కొక్కరికీ వాట్సాప్‌లో రాసి రాసి చేతులు నొప్పెట్టి, అంతా ఒకచోట పెడుతున్నాను. ఆ ఊరు ఎంత అందంగా ఉంటుందో ఇక్కడ చెప్పను, వెళ్తే మీకే తెలుస్తుంది. ఏ పని ముందు, ఏది తర్వాత, ఎక్కడ దెబ్బతింటారు అన్నదే రాస్తాను.

ఎక్కువమంది చేసేది ఇదీ: ముందు హోటల్, తర్వాత రైలు, ఆఖరికి అక్కడికి వెళ్లాక సముద్రం సంగతి. దీన్ని తిరగేయాలి. ముందు ఆటుపోట్లు, తర్వాత తేదీ, ఆ తర్వాతే టికెట్లు.

1. పేర్లు పలకడం, బోర్డులు గుర్తుపట్టడం

ఊరి పేరు స్పెల్లింగ్‌లో చివర ఎక్స్ ఉంటుంది కానీ పలకరు. "మోర్లే" అంటేనే టికెట్ కౌంటర్లో అర్థమవుతుంది. బ్రిటనీలో రోడ్డు బోర్డుల మీద ఫ్రెంచి పేరు కింద బ్రెటన్ భాషలో ఇంకో పేరు ఉంటుంది. మోర్లే కింద "మొంత్రులెజ్" అని కనిపిస్తే వేరే ఊరనుకుని కంగారు పడకండి.

చూడాల్సిన మూడు ప్రాకారాలు, అంటే గోడ కట్టిన చర్చి ఆవరణలు, సేన్-తెగొనెక్, గిమిల్యో, లంపోల్-గిమిల్యో. చివరి రెండూ వేర్వేరు ఊళ్లు. జీపీఎస్‌లో గిమిల్యో అని కొడితే రెండూ వస్తాయి, చూసి నొక్కండి.

2. ఆటుపోట్ల పట్టిక చదవడం

విశాఖ తీరంలో పోటుకీ ఆటుకీ తేడా ఒకటిన్నర మీటరు అటూ ఇటూ. మోర్లే అఖాతంలో పెద్ద పోటు రోజుల్లో అది 8 మీటర్లు దాటుతుంది. అంటే పొద్దున పడవలు తేలిన చోట మధ్యాహ్నానికి బురద, రాళ్లు కనిపిస్తాయి. కలో దీవికి నడిచి వెళ్లే దారి తెరిచి ఉండటం, నీళ్ల మధ్య ఉన్న కోటకు పడవ బయల్దేరడం, రేవు తలుపులు తెరవడం అన్నీ దీని మీదే ఆధారపడతాయి.

పట్టికలో మూడు సంగతులు చూడాలి.

మొదటిది, పోటు గంట, ఆటు గంట. రోజుకు రెండేసి ఉంటాయి. మర్నాటికి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతాయి. "నిన్న 3 గంటలకు చూశాం, ఇవాళ కూడా 3కే" అంటే కుదరదు.

రెండోది, కోఎఫిస్యాన్ అనే అంకె. ఇది 20 నుంచి 120 దాకా ఉంటుంది. 70 అంటే మధ్యరకం. 95 పైన ఉంటే సముద్రం బాగా వెనక్కి పోతుంది, అంతే జోరుగా తిరిగొస్తుంది.

మూడోది గడియారం. చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. కొన్ని పట్టికలు ఏడాది పొడవునా యూటీ ప్లస్ 1 లెక్కలో, అంటే ఫ్రాన్స్ చలికాలపు గడియారం ప్రకారం వేస్తారు. వేసవి సమయం నడిచే నెలల్లో, అంటే మార్చి చివరి ఆదివారం నుంచి అక్టోబర్ చివరి ఆదివారం దాకా, వాటికి ఒక గంట కలపాలి. ఇంకొన్నింట్లో ఆ గంట ముందే కలిపేసి ఉంటారు. పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఏం రాశారో చూడకుండా లెక్క మొదలుపెట్టకండి.

కలపాల్సిన చోట కలపకపోతే దారి మీద నీళ్లు చూస్తూ గంటసేపు కూర్చుంటారు, అంతే. కలిపేసిన దానికి మళ్లీ కలిపితే మాత్రం దీవిలో చిక్కుకుంటారు. నేను రెండో రకం. జులైలో అమ్మను వెంటబెట్టుకుని కలో దీవి నుంచి "ఇంకా గంట టైముంది" అనుకుంటూ తీరిగ్గా నడిచి వచ్చేసరికి దారి లేదు, నీళ్లున్నాయి. ఒక బిస్కెట్ ప్యాకెట్, సగం సీసా నీళ్లతో పొద్దుగూకేదాకా అక్కడే. తప్పు పూర్తిగా నాదే, బోర్డు మీద సరైన టైమే రాసి ఉంది.

ఇక మన ఇంట్లో పనికొచ్చే చిట్కా. గోడకు వేలాడే తెలుగు క్యాలెండర్ చాలు, తేదీల అంచనాకు. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులకు పెద్ద పోట్లు వస్తాయి. ఈ తీరంలో ఆ రోజుల్లో పోటు పొద్దున, సాయంత్రం వస్తుంది, నీళ్లు బాగా వెనక్కి పోయేది మధ్యాహ్నం వేళ. అష్టమి దాటిన రోజుల్లో దానికి తలకిందులు: మధ్యాహ్నం పోటు, పైగా చిన్న పోటు.

కాబట్టి:
□ దీవికి నడిచి వెళ్లడం ముఖ్యమైతే పౌర్ణమి, అమావాస్యల పక్క రోజులు చూసుకోండి.
□ రేవులో పడవల రాకపోకలు పగటిపూట చూడాలంటే అష్టమి పక్క రోజులు మేలు.
□ ఇది నెల ఎంచుకునేటప్పుడు పనికొచ్చే అంచనా మాత్రమే. వెళ్లే రోజున మాత్రం అచ్చయిన పట్టికే ప్రమాణం.

3. తేదీ తేల్చుకోవడం

మే నుంచి సెప్టెంబర్ మధ్య వెళ్లండి. పాత వర్తకుల ఇళ్లు, కోట పడవలు చాలావరకు ఆ నెలల్లోనే నడుస్తాయి. జూన్ చివర్లో రాత్రి 10 దాటాక కూడా వెలుతురు ఉంటుంది. రోజుకు మూడు గంటలు అదనంగా దొరికినట్టే. డిసెంబర్‌లో వెళ్తే సాయంత్రం ఐదుంబావుకే చీకటి, సగం తలుపులు మూత.

వారంలో శనివారం మోర్లేలో పెద్ద సంత. ఆ రోజు ఊరు కళకళలాడుతుంది, కారు పెట్టుకోవడానికి మాత్రం చోటు దొరకదు. ఆదివారం ఉదయం చర్చిల్లో పూజ జరుగుతుంటే లోపల తిరగడం పద్ధతి కాదు. ఆది, సోమవారాల్లో దుకాణాలు, హోటళ్లు చాలావరకు మూసి ఉంటాయి. నన్నడిగితే గురువారం సాయంత్రం దిగి ఆదివారం సాయంత్రం బయల్దేరడం బాగుంటుంది.

సెప్టెంబర్ మూడో శని ఆదివారాలు వారసత్వ దినాలు. మామూలుగా మూసి ఉంచే తలుపులు కొన్ని తెరుస్తారు. జనం కూడా అంతే ఉంటారు.

4. చేరుకోవడం, బస, కారు

పారిస్ మోంపర్నాస్ స్టేషన్ నుంచి బ్రెస్ట్ వెళ్లే టీజీవీ (హైస్పీడ్ రైలు) ఎక్కితే సుమారు 3 గంటల్లో మోర్లే. ఇక్కడ ఒక మెలిక ఉంది. స్టేషన్ కొండ మీద, లోయను దాటే రైలు వంతెన ఎత్తున ఉంటుంది. ఊరంతా కింద లోయలో. మ్యాపులో దగ్గరగా కనిపించి, దిగాక మెట్ల సందులు ఎదురవుతాయి. దిగేటప్పుడు సరదాగానే ఉంటుంది. తిరుగు ప్రయాణంలో రెండు 23 కిలోల సూట్‌కేసులతో ఎక్కేటప్పుడు తెలుస్తుంది. పెద్దవాళ్లుంటే టాక్సీ ముందే మాట్లాడుకోండి. లేదా చిన్న బ్యాగులతో రండి.

బస ఎక్కడ? కారు లేకపోతే ఊరి మధ్యలో, వంతెనకు దగ్గరగా. కారు ఉంటే కరాంటెక్ వైపు సముద్రం ఒడ్డున ఉన్నా పర్లేదు, 15 కిలోమీటర్లే.

ప్రాకారాలకు కారుంటే పని తేలిక. బ్రిటనీ రోడ్లకు టోల్ లేదు. ఇండియా లైసెన్సుతో టూరిస్టుగా నడపాలంటే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ గానీ, ఫ్రెంచిలో అధికారిక అనువాదం గానీ వెంట ఉండాలి. ఆటోమేటిక్ గేరు కార్లు తక్కువ, ముందే బుక్ చేసుకోండి.

కారు లేనివాళ్లకు: మోర్లే నుంచి లాందెర్నో వైపు వెళ్లే రైలు మార్గం ఈ ఊళ్లకు దగ్గరగా పోతుంది. కానీ చిన్న స్టేషన్లలో ఆగే రైళ్లు కొద్ది. బ్రేజ్‌గో యాప్‌లో రైళ్లు, బస్సులు రెండూ ఒకేచోట కనిపిస్తాయి. ముందు తిరుగు రైలు ఉందో లేదో చూసి, ఆ తర్వాతే వెళ్లే రైలు ఎంచుకోండి. ఇలాంటప్పుడు మూడు ఊళ్లూ ఒకే రోజులో పెట్టుకోవద్దు. ఒక్కటి చాలు, లేదా టాక్సీని నలుగురు పంచుకోండి.

5. మొదటి రోజు: పట్టణం, పై నుంచి కిందికి

మోర్లేని కింది నుంచి మొదలుపెడితే ఎక్కడమే సరిపోతుంది. పైన మొదలుపెట్టండి.

(అ) ముందు రైలు వంతెన. 1861-63 మధ్య కట్టారు. పొడవు 292 మీటర్లు, ఎత్తు 58. దానికి రెండు అంతస్తుల కమానులుంటాయి. కింది అంతస్తు కమానుల మీదుగా మనుషులు నడవొచ్చు. రైళ్లు మన నెత్తిమీద పోతుంటాయి. ఒక పక్క ఇళ్ల కప్పులు, ఇంకో పక్క రేవు. ఊరి నక్షా మొత్తం ఇక్కడే కళ్లకు కడుతుంది కాబట్టి ఇదే మొదటి మెట్టు. రాత్రి గేటు వేసేస్తారు. సాయంత్రం చూద్దాంలే అని వాయిదా వేయకండి.

(ఆ) అక్కడి నుంచి మెట్లు దిగితే వంతెన కాళ్ల దగ్గరే సేన్-మెలేన్ చర్చి. 1489లో మొదలైన కట్టడం. దాని శిఖరం పక్కన వంతెన స్తంభం ఎలా నిలబడిందో చూసి, పది నిమిషాల్లో బయటపడండి.

(ఇ) తర్వాత పోందలే ఇళ్లు. వీటికి టైము ఇవ్వండి. నార బట్టల వ్యాపారంతో డబ్బు చేసిన వర్తకులు కట్టుకున్న ఇళ్లివి. మ్యుర్ వీధిలో 33 నంబరు ఇంటిని డచెస్ ఆన్ ఇల్లు అంటారు. గ్రాంద్ వీధిలో 9 నంబరు ఇంకొకటి. రెండూ ఏడాది పొడవునా తెరిచి ఉండవు, వేళలు ముందు రోజే చూసుకోండి.

లోపలికి వెళ్లగానే మనవాళ్లు చేసే తప్పు నేరుగా మెట్లెక్కేయడం. ఆగండి. నడి హాల్లో నిలబడి తలెత్తండి. మన మండువా ఇంట్లో నడిమధ్య ఆకాశం కనిపిస్తుంది చూశారా, ఇక్కడ ఆ చోట పైకప్పు కట్టి, పై నుంచి వెలుతురు పడేలా చేశారు. ఓ గోడకు పై అంతస్తుల దాకా పోయే పొయ్యి గూడు. మూలలో చుట్టలు తిరిగే చెక్క మెట్లు. ఆ మెట్ల నుంచి ఒక్కో అంతస్తు గదులకు అడ్డంగా చిన్న వంతెనలాంటి నడవా. దాని పేరే పోందలే. ఇప్పుడు మెట్ల నడిమి స్తంభం చూడండి, ఓక్ చెక్కలో పునీతుల బొమ్మలు ఒకదాని మీద ఒకటిగా ఉంటాయి. చేయి వేయకండి, వేళ్ల జిడ్డుకి చెక్క నల్లబడుతుంది.

(ఈ) సేన్-మత్యో చర్చి. ఇందులో ఒక చెక్క మరియమ్మ విగ్రహం ఉంది, అల్మరా తలుపుల్లా తెరుచుకుంటుంది. లోపల త్రిత్వం (తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ) బొమ్మ. ఇలాంటివి చాలా అరుదు. చాలామంది ఈ చర్చి దాకా రాకుండానే వెనక్కి పోతారు.

(ఉ) చివరికి రేవు. పాత పొగాకు ఫ్యాక్టరీ పక్కగా నడుస్తూ లాకు దాకా, అంటే రేవులో నీళ్లు నిలిపి ఉంచే తలుపుల దాకా వెళ్లండి. ఇది నది రేవు, సముద్రం ఇంకా కిందికి ఉంటుంది. లాకు తలుపులు పోటు వేళకు అటూ ఇటూ మాత్రమే తెరుస్తారు. పట్టికలో పోటు గంట చూసుకుని ఒక గంట ముందు చేరితే పడవలు వరుసకట్టి రావడం కనిపిస్తుంది. ఆటు వేళ వెళ్తే లాకు అవతల బురద తప్ప ఏమీ ఉండదు. "రేవులో ఏమీ లేదండీ" అని చెప్పేవాళ్లంతా ఆ వేళలో వెళ్లినవాళ్లే.

6. ప్రాకారం లోపల ఏ వరుసలో చూడాలి

వీటిని ఫ్రెంచిలో ఆంక్లో పరోస్యాల్ అంటారు. ఊరి చర్చి చుట్టూ రాతి గోడ, లోపలికి తోరణం లాంటి వాకిలి, ఆవరణలో కల్వరి (ఏసు సిలువ, ఆయన కథ చెక్కిన రాతి కట్టడం), ఒక పక్క ఎముకల గది, మధ్యలో చర్చి. మన గుడికి ప్రాకారం, గోపురం, మండపం ఉన్నట్టే కాబట్టి మనకు ఇది త్వరగా అర్థమవుతుంది. కాకపోతే ఇక్కడ లెక్కంతా చావు చుట్టూ తిరుగుతుంది.

ఏ ప్రాకారంలోనైనా ఈ వరుస పాటించండి.

మొదట గోడ బయట ఒక చుట్టు. లోపలికి ఉరకొద్దు. ఏది ఎక్కడుందో చూసుకుంటే తర్వాత వెతుకులాట ఉండదు.

రెండు, తోరణం. శవయాత్ర దీని కిందుగా వచ్చేది కనుక బ్రెటన్‌లో దీన్ని చావు వాకిలి అంటారు. పక్కన అడుగు ఎత్తి దాటాల్సిన రాతి పలక ఉంటే కాలు చూసుకోండి, వానకు జారుతుంది.

మూడు, కల్వరి. దీన్ని కనీసం అరగంట చూడాలి. ముందు దూరం నుంచి పైన సిలువ, తర్వాత దగ్గరికి వచ్చి కింది బొమ్మలు. ఏసు కథ వరుసగా ఉంటుందనుకుని ఎడమ నుంచి కుడికి చదవబోతే తికమక పడతారు. ఒక్కో దృశ్యం పట్టుకోండి: కడరా భోజనం, పాదాలు కడగడం, కొరడా దెబ్బలు, సిలువ మోయడం, సమాధి. కథ తెలియనివాళ్లు వెళ్లేముందు రోజు రాత్రి ఈ ఐదూ చదువుకుంటే చాలు.

నాలుగు, ఎముకల గది. పాతిన చోటు చాలక, పాత ఎముకలు తీసి పెట్టడానికి కట్టినవి. ఇప్పుడు చాలాచోట్ల ఖాళీ, లేదా చిన్న ప్రదర్శన.

ఐదు, చర్చి వసారా. దక్షిణం వైపు ద్వారం దగ్గర అపోస్తలుల బొమ్మలు రెండు పక్కలా ఉంటాయి. ఇక్కడ నిలబడకుండా లోపలికి పోవడం అందరూ చేసే పొరపాటు.

ఆరు, చర్చి లోపల. బయటి వెలుగులోంచి వచ్చిన కళ్లకు మొదట ఏమీ కనిపించదు. వెనక బెంచీలో రెండు నిమిషాలు ఊరికే కూర్చోండి. తర్వాత బలిపీఠాల వెనుక చెక్క మందిరాలు, బంగారు పూత, రంగులు ఒక్కొక్కటిగా బయటపడతాయి.

ఫొటోల గురించి ఒక ముక్క. బూడిద రంగు, నల్ల రాళ్ల మీద మిట్టమధ్యాహ్నపు ఎండ బాగుండదు, ముఖాలు మాసిపోతాయి. మబ్బు పట్టిన రోజు గానీ, సాయంత్రం ఏటవాలు ఎండ గానీ మేలు. వాన పడుతోందని ప్లాన్ రద్దు చేసుకోకండి, తడిసిన రాతి మీద గీతలు ఇంకా బాగా తేలతాయి.

7. రెండో రోజు: మూడు ప్రాకారాలు

వరుస సేన్-తెగొనెక్, గిమిల్యో, లంపోల్. మోర్లే నుంచి మొదటిదానికి సుమారు 13 కిలోమీటర్లు, అక్కడి నుంచి రెండోదానికి ఏడెనిమిది, ఆపై మూడోదానికి మూడు నాలుగు. దూరాలు చిన్నవే. రోజు గడిచిపోయేది చూడటంలో.

సేన్-తెగొనెక్‌కు పొద్దున 9:30కల్లా చేరండి. తోరణం 1587 నాటిది. కల్వరి 1610లో చెక్కింది, పెద్ద కల్వరిల్లో ఆఖరిది. బొమ్మలు తక్కువ కాబట్టి కళ్లు అలవాటు పడటానికి మంచిది. ఏసును హింసించేవాళ్లలో ఒకరికి రాజు నాలుగో హెన్రీ పోలికలు చెక్కారని అంటారు, మీరూ వెతకండి. కింది గూట్లో పునీత తెగొనెక్ బండికి తోడేలును కట్టి ఉంటుంది. బండి లాగే జంతువును తోడేలు తినేస్తే, ఆ తోడేలునే కాడికి కట్టాడని కథ. పిల్లలుంటే ఇక్కడి నుంచి మొదలుపెట్టండి, మిగతా రోజంతా గోల లేకుండా వస్తారు.

ఎముకల గది కింది భాగంలో ఏసును సమాధి చేసే దృశ్యం ఉంది, నిలువెత్తు బొమ్మలు, రంగులేసిన ఓక్ చెక్క. 1699-1702 మధ్య జాక్ లెస్పాఞోల్ చేసినది. కిందికి దిగాలని తెలియక చాలామంది పైనే చూసి వచ్చేస్తారు. చర్చిలో 1683 నాటి ప్రసంగ వేదిక. 1998లో ఈ చర్చి అగ్నిప్రమాదంలో బాగా దెబ్బతింది. ఇప్పుడు మీరు చూసేది చాలా ఓపికగా బాగుచేసినది.

గిమిల్యో కల్వరి 1581-88 నాటిది, సుమారు 200 బొమ్మలు. ఇక్కడ గంట పెట్టుకోండి, మిగతా రెండుచోట్లా తగ్గించుకున్నా పర్లేదు. సైనికుల మీద బైబిలు కాలం బట్టలు కాదు, చెక్కిన కాలపు ఫ్యాషన్ కనిపిస్తుంది. తాళాలు, డోళ్లు వాయించేవాళ్లను చూస్తే ఊరేగింపు మన వీధిలోంచి పోతున్నట్టుంటుంది. ఇక కాతెల్ గొలెత్. దారి తప్పిన పిల్ల, దివ్యసత్‌ప్రసాదాన్ని (చర్చి పూజలో ఇచ్చే పవిత్ర అప్పాన్ని) దొంగిలించి దయ్యానికిచ్చిందని కథ. పెద్ద జంతువు నోరులాంటి నరకద్వారం దగ్గర దయ్యాలు ఆ పిల్లను లాగుతుంటాయి. చదువురాని జనానికి పాఠం ఇలా రాతిలో చెప్పేవారన్నమాట. ముఖానికి కొంచెం పక్కగా నిలబడి చూడండి, నోరు తెరిచి అరుస్తున్న తీరు ఎదురుగా నిలబడితే తెలియదు.

లోపల 1675 నాటి బాప్తిస్మ మండపం ఉంది. మెలితిరిగిన ఎనిమిది ఓక్ స్తంభాలు, వాటి మీద తీగలు, ద్రాక్ష, పిట్టలు. వసారా 1606-17 నాటిది, తోరణం మీద ఆదాము హవ్వల కథ వెతకండి.

మధ్యాహ్న భోజనం ఇక్కడో, దారిలోనో. 12 నుంచి 2 లోపే. రెండున్నరకు వెళ్తే వంటగది మూసేసి ఉంటుంది, ఎంత బతిమాలినా లాభం లేదు.

లంపోల్‌లో బయట కల్వరి చిన్నది, అసలు సరుకంతా లోపలే. గంట గోపురం కొన విరిగినట్టుంటుంది, 1809లో పిడుగుపాటు ఫలితం. లోపలికి వెళ్లగానే నెత్తి మీద అడ్డంగా 16వ శతాబ్దపు రంగుల దూలం, దాని మీద ఏసు పడిన బాధల దృశ్యాలు, పైన సిలువ. దాని కిందుగా దాటి వెనక్కి తిరగండి. రెండో వైపు మరియమ్మకు దూత వార్త చెప్పే దృశ్యం, 12 మంది సిబిల్లు (జోస్యం చెప్పే పాతకాలపు స్త్రీలు) ఉంటారు. ఇటు తిరక్కుండా బయటికి పోయేవాళ్లే ఎక్కువ. 1676 నాటి సమాధి దృశ్యం కూడా వదలొద్దు, ఏడ్చేవాళ్ల ముఖాలు ఏ ఇద్దరివీ ఒక్కలా ఉండవు.

నాలుగోది కూడా చూసేద్దామని మనసు పీకుతుంది. వద్దు. మూడో ప్రాకారం తర్వాత బొమ్మలన్నీ కలిసిపోతాయి. మర్నాడు అడిగితే ఏది ఎక్కడ చూశామో చెప్పలేం.

8. మూడో రోజు: నీళ్లు ఎలా ఉంటే అలా

ఆటు మధ్యాహ్నం వేళ పడితే కలో దీవి. కరాంటెక్ నుంచి ముంపు దారి మీద నడిచి వెళ్లాలి. దీవి మీద నోత్ర్ దాం ద కలో గుడి. మ్యాపుల మీద, మీ లెక్కల మీద కాకుండా ఒడ్డున బోర్డు మీద రాసిన తెరిచే గంట, మూసే గంటలనే నమ్మండి. బోర్డును ఫొటో తీసుకోండి. మూసే గంటకు 45 నిమిషాల ముందు అలారం పెట్టి, అది మోగగానే తిరుగుముఖం పట్టండి. నీళ్లు మీ ముందు నుంచే వస్తాయని లేదు, పక్కల నుంచి చేరి దారిని మింగేస్తాయి. కొంచెమే కదా అని నీళ్లలో దిగకండి. దాటిపోతే దీవి మీదే ఆగడం క్షేమం, తడి బట్టల కంటే ఆకలి నయం.

ఆ టైము కుదరకపోతే షాతో ద్యు తోరో. ఇది నీళ్ల మధ్య కోట. 1522లో ఇంగ్లిషువాళ్లు ఊరిని దోచుకుపోయాక, మళ్లీ రాకుండా కట్టుకున్నది. కరాంటెక్ నుంచి గానీ ప్లుగాస్ను వైపు నుంచి గానీ సీజన్లో పడవలుంటాయి. పడవ వేళలు పోటును బట్టి రోజూ మారతాయి, ముందే బుక్ చేయండి. గాలి ఎక్కువైతే రద్దు చేస్తారు, అందుకే చివరి రోజు సాయంత్రం రైలుకు ఆనించి పెట్టుకోవద్దు.

రెండూ కుదరని వాన రోజైతే సేన్-పోల్-ద-లెయోన్. క్రేస్కేర్ గుడి శిఖరం సుమారు 78 మీటర్లు. అక్కడి కతెద్రల్లో చిన్న చెక్క పెట్టెల్లో పుర్రెలు, ఒక్కోదాని మీద పేరు. చిన్నపిల్లలకు చూపించాలా వద్దా మీ ఇష్టం.

చావు బొమ్మలు ఇంకా చూడాలనిపిస్తే లా రోష్-మోరిస్ ఎముకల గది గోడ మీద 1639 నాటి అంకు ఉంటాడు. బ్రెటన్ల యముడు.

9. తిండి

శాకాహారులు ఆకలితో ఉండక్కర్లేదు గానీ అడిగి తినాలి. గాలెత్ అంటే బక్‌వీట్ పిండితో పలుచని ఉప్పు దోసె. "కొంప్లెత్" అని ఆర్డర్ ఇస్తే గుడ్డు, చీజ్‌తో పాటు పంది మాంసం కూడా వస్తుంది. "సాన్ జంబోన్" అంటే అది లేకుండా ఇస్తారు. పెనానికి కొన్నిచోట్ల పంది కొవ్వు రాసే పాత అలవాటు ఉంది. పట్టింపు ఉన్నవాళ్లు వెన్నతో చేయమని ముందే చెప్పాలి. సీద్ర్ ఆపిల్ రసం కాదు, మత్తు ఉంటుంది. పిల్లలకు "జూ ద పొమ్" అడగండి.

పులిహోర డబ్బా వెంట ఉంటే మధ్యాహ్నం రెండు గంటల టెన్షన్ ఉండదు. ప్రాకారం లోపల మాత్రం తినకండి, చాలాచోట్ల అది ఇప్పటికీ స్మశానమే. గోడ బయట బెంచీలుంటాయి.

10. తరచుగా జరిగే పొరపాట్లు, సర్దుబాట్లు

చర్చి తలుపు మూసి ఉంది: ముందు దక్షిణం వైపు చిన్న తలుపు తోసి చూడండి, పెద్ద తలుపు ఎప్పుడూ మూసే ఉంచుతారు. ఈ ఒక్కటి తెలియక వెనక్కి వచ్చినవాళ్లు నాకు ముగ్గురు తెలుసు.

లోపల అంత్యక్రియలు జరుగుతున్నాయి: బయటే కల్వరి చూస్తూ ఆగండి. గంటలోపు అయిపోతుంది. ఆ గుంపును ఫొటో తీయొద్దు.

చీకటిగా ఉంది: కొన్ని చర్చిల్లో లైట్లకు బటన్ గానీ నాణెం వేసే పెట్టె గానీ ద్వారం దగ్గర ఉంటుంది.

ఊరిలో పార్దోన్ జరుగుతోంది: అంటే పునీతుడి పేరిట ఊరేగింపు, మన తిరునాళ్ల లాంటిది. అదృష్టమే. కానీ కారు ఊరి బయటే వదిలి నడవండి, పటాలు మోసేవాళ్లకు అడ్డం రాకండి.

పెద్దవాళ్లు మెట్లు ఎక్కలేరు: మొదటి రోజు వంతెన వదిలేసి, కింది ఊరు, రేవు మాత్రమే పెట్టుకోండి. రెండో రోజు ప్రాకారాలు నేల మీదే కాబట్టి ఇబ్బంది తక్కువ. సేన్-తెగొనెక్ కింది గది ఒక్కటే మెట్లు దిగాలి.

11. బయల్దేరే ముందు రాత్రి

□ మూడు రోజుల పోటు, ఆటు గంటలు కాగితం మీద, వేసవి గంట కలిపారో లేదో పక్కనే రాసి
□ వర్తకుల ఇళ్ల వేళలు, కోట పడవ బుకింగ్
□ తిరుగు రైలు టికెట్ స్క్రీన్‌షాట్
□ గాలి దూరని రెయిన్ జాకెట్, గొడుగు కాదు. ఆ గాలికి గొడుగు తిరగబడుతుంది
□ జారని అడుగున్న బూట్లు
□ ఎత్తున ఉన్న బొమ్మలు చూడటానికి చిన్న బైనాక్యులర్
□ ఒకటి, రెండు యూరోల నాణేలు
□ పర్మిట్, పాస్‌పోర్ట్ కాపీ
□ దీవికి వెళ్లే రోజున ఒక్కొక్కరికి లీటరు నీళ్లు, ఒకటికి రెండు బిస్కెట్ ప్యాకెట్లు